ఎం.ఏ.కి అప్లై చేసే ముందు మూడు క్యాంపస్‌లు తిరిగొచ్చాం

మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం. ఎం.ఏ. ఎకనామిక్స్ చేస్తానంటోంది. ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)నా, ఉస్మానియానా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీనా అని ఇంట్లో రోజూ ఇదే చర్చ. వరసగా ఏపీ పీజీసెట్, సీపీగెట్, సీయూఈటీ పీజీ అని ఒక్కోదానికి ఒక్కో ఎంట్రన్స్. ర్యాంకులొచ్చాక కౌన్సెలింగ్ టెన్షన్‌లో నిదానంగా ఆలోచించడం కుదరదు. అందుకే డిసెంబరులో, క్లాసులు జరిగే రోజులే చూసుకుని ఇద్దరం బయలుదేరాం. క్లాసు లేనప్పుడు పిల్లలు ఎక్కడ కూర్చుంటారు, చీకటి పడ్డాక ఆడపిల్లలు ఎలా తిరుగుతారు, ఈ రెండూ కళ్లారా చూడాలన్నది నా పట్టుదల.

బొబ్బిలి నుంచి పొద్దుటి బస్సుకి ముందు విశాఖ వెళ్లాం. నేను తెలుగు ఎం.ఏ. చదివింది ఏయూలోనే. నా అభిమానం తన మీద రుద్దకూడదని, తనని ముందు నడవనిచ్చి నేను వెనకాలే ఉన్నాను. 1926లో మొదలైన విశ్వవిద్యాలయం ఇది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు, ఆయన తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆ పేర్లు చెప్తే మా అమ్మాయి తలూపింది గానీ, తన చూపంతా వి.ఎస్. కృష్ణా లైబ్రరీ దగ్గర పుస్తకాలు పట్టుకుని కూర్చున్న వాళ్ల మీదే ఉంది. చాలామంది శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు. మా యాస వినపడగానే పాలకొండ అమ్మాయి ఒకతి దగ్గరికొచ్చి హాస్టల్ సంగతులన్నీ చెప్పింది. "ఇంటి మీద బెంగొస్తే శుక్రవారం సాయంత్రం బస్సెక్కేస్తాను ఆంటీ" అంది. నాకు ప్రాణం కుదుటపడింది. మా అమ్మాయి మాత్రం, "అందరూ మనవాళ్లేనమ్మా" అంది. అది మెచ్చుకోలో, ఫిర్యాదో అప్పుడు తెలియలేదు.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ప్రయాణం చేసి సికింద్రాబాద్‌లో దిగాం. తార్నాక మీదుగా ఉస్మానియా చేరాం. ఆర్ట్స్ కాలేజీని ఫొటోల్లో ఎన్నిసార్లు చూసినా, ఎదురుగా నిలబడితే మాట రాదు. 1939లో ప్రారంభమైన ఆ రాతి కట్టడం ముందు మెట్ల మీద కుర్రాళ్లు గుంపుగా కూర్చుని ఉద్యోగ నోటిఫికేషన్ల గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. చెట్ల కింద గ్రూప్స్‌కి చదివేవాళ్లు. 1969లోనూ, 2009లోనూ తెలంగాణ ఉద్యమానికి ఈ ఆవరణే గుండెకాయ. ఇక్కడి పిల్లలకు రాజకీయం పాఠంలో భాగం కాదు, బతుకులో భాగం. అది నాకు చాలా గౌరవంగా అనిపించింది. అయితే నగరం రోడ్లు క్యాంపస్‌లోంచే పోతాయి. వాకింగ్‌కొచ్చేవాళ్లు, బళ్లు, సందడి ఎక్కువే. పైగా మాలాంటి స్థానికేతరులకు ఇక్కడ సీట్లు దొరికే అవకాశం తక్కువ.

గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీకి రెండుసార్లు వెళ్లాం, ఒకసారి పగలు, ఒకసారి సాయంత్రం. గేటు దాటాక ఎంత నడిచినా తరగదు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండరాళ్లు, చెరువులు, నెమళ్లు. ఆంధ్ర, తెలంగాణ ఉద్యమాల తర్వాత కేంద్రం తెచ్చిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో పుట్టిన సంస్థ ఇది. స్థానికులు, స్థానికేతరులు అన్న లెక్క ఇక్కడ లేదు. 2025లో క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టేస్తుంటే ఈ విద్యార్థులే అడ్డుపడ్డారు, సుప్రీంకోర్టు ఆపించింది. ఆ రాళ్ల మధ్య నడుస్తుంటే వాళ్లు ఎందుకంత గట్టిగా నిలబడ్డారో అర్థమైంది.

సాయంత్రం క్యాంపస్‌లోని షాపింగ్ కాంప్లెక్స్ (షాప్‌కామ్) దగ్గర టీ తాగుతూ చాలాసేపు కూర్చున్నాం. పక్క బల్ల మీద మలయాళం, అటు హిందీ, ఇటు తెలుగు. గోడల నిండా పోస్టర్లు. ఒడిశా అమ్మాయి ఒకతి హాస్టల్లో నేర్చుకున్న తెలుగులో మాతో మాట్లాడింది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన మా అమ్మాయి, "ఇంగ్లీషు లెక్చర్లు అర్థమవుతాయా అక్కా?" అని అడిగింది. మొదటి సెమిస్టర్ కష్టమే, సీనియర్లతో కలిసి చదువుకుంటే దారిలో పడతావని ఆ అమ్మాయి దాపరికం లేకుండా చెప్పింది. ఎనిమిది దాటాక కూడా ఆడపిల్లలు సైకిళ్ల మీద, బ్యాగులు తగిలించుకుని లైబ్రరీ వైపు పోతున్నారు. దాంతో నా భయం సగం తగ్గింది. మిగతా సగం దూరం గురించి. జ్వరమొస్తే హాస్టల్ గదిలోంచి హెల్త్ సెంటర్ దాకా తనని ఎవరు తీసుకెళ్తారని అడిగాను. "రూమ్మేట్స్ ఉంటారు ఆంటీ, నన్నూ వాళ్లే తీసుకెళ్లారు" అంది. ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకని జవాబు అది.

ఇంటికొచ్చిన వారంలోనే సీయూఈటీ పీజీకి అప్లై చేసింది, పరీక్ష కేంద్రంగా విశాఖ పెట్టుకుంది. రెండో ప్రాధాన్యం ఏయూ. సీపీగెట్ సంగతి ఇంకా తేల్చలేదు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద విన్న వాదన తనకు బాగా నచ్చింది కాబట్టి, సీటు రాకపోయినా పరీక్ష రాస్తానంటోంది. రాయమనే చెప్పాను.