అక్క వాళ్ల కాలనీలో నాలుగు రోజులు

నల్లగొండలో వాన మొదలైందంటే నేను ముందు చేసే పని దర్వాజ ముందు ఇసుక సంచులు పేర్చడం. మా వెంచర్ వేసినవాళ్లు కుంటను మొరంతో పూడ్చి ప్లాట్లు చేశారు. ఆ సంగతి మాకు రిజిస్ట్రేషన్ అయిన రెండేళ్లకు, ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచినప్పుడు తెలిసింది. అందుకే మొన్న సెప్టెంబర్‌లో మహబూబ్‌నగర్ శివార్లలో అక్క వాళ్లింట్లో పడుకున్న మొదటి రాత్రి ఉరుము వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. లేచి బయటికి వస్తే అక్క అరుగు మీద కూర్చుని ఉంది.

"ఎందుకు లేచినవ్? నీళ్లు ఇంట్లకు రావు. కూసో, ఎట్ల పోతయో సూడు" అంది.

దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులు మారి వచ్చిన అలసట ఇంకా తీరలేదు. అయినా కూర్చున్నాను.

అక్క వాళ్ల ఇంటి ముందు సిమెంటు మోరీ లేదు. గడ్డి పెరిగిన వెడల్పాటి కాలువ ఉంది, అడుగున గుండ్రాళ్లు. పది పన్నెండు అడుగులకు ఒకచోట రాళ్లతో చిన్న అడ్డుకట్ట. టార్చ్ వేసి చూశాను. నీళ్లు ఎర్రగా, వేపాకులు మోసుకుంటూ వచ్చి మొదటి కట్ట దగ్గర ఆగాయి. నిండాక అంచు మీదుగా జారాయి. ఒక తంగేడు రెమ్మ కట్ట వెనక నాలుగు చుట్లు తిరిగి, రాళ్ల సందులో దారి దొరికించుకుని కిందికి పోయింది. మూడో కట్ట దాటేసరికి నీళ్ల ఎరుపు తగ్గింది. మట్టి అంతా పైనే దిగిపోయింది. గంటసేపు కురిసిన వానకు గడపలోకి ఒక్క చుక్క రాలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పొద్దున బావ కాలనీ అంతా తిప్పి చూపించారు. గుట్ట కింది నుంచి కుంట దాకా వాలుగా ఉన్న నేల, నలభై దాకా ఇళ్లు. ప్లాట్లు గీయకముందు ఒక వానాకాలమంతా నీళ్లు ఎటు పారుతున్నాయో చూసి, సున్నంతో గీతలు వేశారట. కాలువలు అక్కడే ఉంచి, మిగిలిన చోట రోడ్లు, ఆ తర్వాత ప్లాట్లు. రావిచెట్టు దగ్గర రోడ్డే పక్కకు తిరిగింది. దాంతో చాలా ప్లాట్లు వంకరగా వచ్చాయి. ఈశాన్యం తగ్గిందని కొందరు అడ్వాన్సు వాపసు తీసుకుని వెళ్లిపోయారని బావ చెప్పారు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో డేవిస్ అనే ఊళ్లో 1970లలో మైఖేల్, జూడీ కార్బెట్ దంపతులు విలేజ్ హోమ్స్ అనే కాలనీ కట్టారు. దాదాపు 70 ఎకరాల్లో రెండు వందలకు పైగా ఇళ్లు. భూమిలో పైపులు వేయకుండా వాననీళ్లను ఇలాంటి తెరిచిన కాలువల్లోనే పారనిచ్చారు. అక్కడి అధికారులు మొదట నమ్మలేదట. ఆ మాట వినగానే నాకు మన పాత ఊళ్లు గుర్తొచ్చాయి. గొలుసుకట్టు చెరువులు తవ్వించిన కాకతీయుల కాలం నుంచీ ఇక్కడి మనుషులకు తెలిసిన లెక్కే ఇది.

అక్క వాళ్ల గోడ మీద వేలితో కొడితే డొల్ల శబ్దం వచ్చింది. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలారు. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ వాడుకలోకి తెచ్చిన పద్ధతి. మామూలు గోడ కన్నా ఇటుకలు నాలుగో వంతు దాకా తగ్గుతాయి. ఆ ఖాళీలోని గాలి ఎండ వేడిని లోపలికి తొందరగా రానివ్వదు. మధ్యాహ్నం ఫ్యాన్ రెండులో పెట్టుకుని హాయిగా నిద్రపోయాను.

కష్టాలూ ఉన్నాయి. బస్సు దిగాక కిలోమీటరున్నర నడవాలి. ఏటా మే నెలలో అందరూ కలిసి కాలువల పూడిక తీయాలి. ఒకాయన తన ఇంటి ముందు కాలువను సిమెంటుతో మూసి కారు పెట్టుకుంటే, ఆ వానకే పైవాళ్ల ఇంట్లోకి నీళ్లొచ్చాయట. తర్వాత ఆయనే పగలగొట్టించాడు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది బావి. మేలో అయిదు వరలు బయటికి కనిపించాయట, ఇప్పుడు రెండే. మా అమ్మమ్మది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఆమె మోకాళ్లు ముడుచుకోక, చివరి ఏళ్లలో కింద కూర్చుని అన్నం తినలేకపోయింది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా వైపు గ్రానైట్ రాతిలో ఏళ్ల తరబడి నిలిచిన బోరు నీళ్లలో అది ఎంతో మించి ఉండేది. పడిన వాన పడినచోటే ఇంకితే ఆ గాఢత కొంతైనా తగ్గుతుంది. పోనిచ్చిన ప్రతి వానా అమ్మమ్మ మోకాళ్లలాంటి మోకాళ్ల మీదే పడిందనిపించి అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

మూడో రోజు పిల్లలతో పిల్లలమర్రికి వెళ్లాం. మూడెకరాలకు పైగా పరుచుకున్న మర్రి. 2018లో చెదలు పట్టినప్పుడు కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. మనుషులకు చేసినట్టే చేశారు.

చివరి సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. కాలువ వెంబడే నడిచి కుంటకు చేరాం. మా కాలనీలో నిరుడు బతుకమ్మలను ప్లాస్టిక్ డ్రమ్ములో వదిలాం. ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోయాయి. ఇక్కడ నీళ్లలోకి దిగి చేత్తో అలా తోస్తే, అక్క బతుకమ్మ, నా బతుకమ్మ పక్కపక్కనే మెల్లగా అవతలి గట్టు వైపు సాగిపోయాయి.

నల్లగొండకు వచ్చిన వారానికి పక్కింటి ఇద్దరితో కలిసి తహసీల్ ఆఫీసుకు వెళ్లి గ్రామ నక్షా తీయించాను. పూడ్చేసిన కుంట అందులో అలాగే ఉంది. దానిలోకి వచ్చే కాలువ గీత మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోతే, సరిగ్గా మా దర్వాజ దగ్గర ఆగింది.