బరంపురంలో బావ చెప్పిన క్లోరిన్ సంగతి

విశాఖలో రైలెక్కితే పలాస దగ్గర జీడిపప్పు ప్యాకెట్లు, ఇచ్ఛాపురం దాటాక స్టేషన్ బోర్డుల మీద ఒడియా, మిగతాదంతా మనూరే. బరంపురంలో ఆటో బేరం, అప్పడాల కొట్టు, పట్టుచీరల కొట్టు, అన్నిచోట్లా తెలుగుతోనే పనైపోయింది.

నేను వెళ్లింది మాత్రం మా బావ కోసం. ఎక్కువ వోల్టేజీ తట్టుకునే ఎలక్ట్రానిక్ పరికరాలకు వాడే సెమీకండక్టర్, సిలికాన్ కార్బైడ్, దాని పొరలు పెంచే పనిలో చాలాకాలం ఉన్నాడు. సాయంత్రం గోపాల్‌పూర్ బీచ్‌కి తీసుకెళ్తే అక్కడ అడిగాను, "బావా, అంత శుభ్రంగా ఉంచే రియాక్టర్లోకి హైడ్రోజన్ క్లోరైడ్ వదలడమేంటి, అది యాసిడ్ కదా?"

"అది లేకపోతే ఏమవుతుందో ముందు విను" అన్నాడు. హైడ్రోజన్‌లో సిలికాన్ ఇచ్చే సిలేన్, కార్బన్ ఇచ్చే ప్రొపేన్ గ్యాసులు కలిపి దాదాపు 1600 డిగ్రీల దగ్గర సిలికాన్ కార్బైడ్ పలక మీద పొర పెంచుతారు, గంటకు 5 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు). త్వరగా పెరగాలని సిలేన్ ఎక్కువ వదిలితే సిలికాన్ పరమాణువులు పలక దాకా రాకుండా దారిలోనే ఒకదానికొకటి అంటుకుని బొట్లు కడతాయి, బొట్టు పడ్డచోటల్లా పొర పాడు. సిలికాన్‌కి సిలికాన్‌తో కంటే క్లోరిన్‌తో బంధం గట్టిది కాబట్టి క్లోరిన్ ఉంటే గుంపు కట్టనివ్వదు. అప్పుడు గంటకు 100 మైక్రాన్లు కూడా సాధ్యమే. 10 కిలోవోల్టులు తట్టుకునే పరికరానికి 100 మైక్రాన్లకు అటూ ఇటూగా పొర కావాలి, కాబట్టి ఇదేం చిన్న లాభం కాదు.

అలాగని ఎక్కువ వదిలితే అదే క్లోరిన్ పెరిగిన పొరను తినేస్తుంది. సముద్రపు గాలికి తుప్పుపట్టిన ఓ కిటికీ ఊచలు చూపించి, "పొడి గ్యాస్ అయితే ఫర్వాలేదు, ఈ తేమ కాస్త లోపలికి పోయిందా, స్టీల్ పైపుల గతీ ఇంతే" అన్నాడు.

నాకు బాగా నచ్చింది నైట్రోజన్ కథ. అది స్ఫటికంలో కార్బన్ ఉండాల్సిన చోట దూరి ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది. మనం కొలిచి పంపితే డోపింగ్, అంటే కరెంటు పారేలా కావాలని కలిపే కల్తీ, లీకులోంచి వస్తే తలనొప్పి. గ్యాస్‌లో కార్బన్ వాటా పెంచితే, బస్సు సీటు మీద ముందే రుమాలు వేసినట్టు, నైట్రోజన్‌కి చోటు దొరకదు. మరీ పెంచితే పొర మీద త్రికోణపు లోపాలు మొదలవుతాయి, అది వేరే టెన్షన్.

గంటకెన్ని మైక్రాన్లని గొప్పలు చెప్పేవాళ్లంటే బావకి పడదు, నాకూ ఆ మాట సబబే అనిపించింది. స్టేషన్‌లో దింపుతూ, "నైట్రోజన్ సరఫరా ఆపేసి పెంచిన పొరలో కూడా అది ఎంతొచ్చిందో ముందు కొలువు, క్లోరిన్ గురించి తర్వాత మాట్లాడదాం" అన్నాడు.