ఒక చిన్న భాష స్టాండర్డ్ లైబ్రరీని సర్దిన అనుభవం

విజయనగరంలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. రైసు మిల్లులకు, జనపనార మిల్లులకు, పలాస–కాశీబుగ్గ వైపు జీడిపప్పు వ్యాపారులకు లెక్కలు చూసుకునే ప్రోగ్రాము తయారుచేసి ఇస్తాం. ఒక మిల్లుకు కావలసిన నివేదిక ఇంకో మిల్లుకు పనికిరాదు కాబట్టి, అడిగినవారందరికీ మేమే రాసి ఇవ్వలేక, నేను చేరకముందే మా పెద్దవాళ్లు ఆ ప్రోగ్రాము లోపల ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాషను పెట్టారు. కాస్త చొరవ ఉన్న గుమాస్తాలు దానిలో తమ నివేదికలు తామే రాసుకుంటారు. భాష మొదట ఎంతో ఇప్పటికీ దాదాపు అంతే. దానితో కలిసి వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ, అంటే పేరు పెట్టి పిలిస్తే పని చేసిపెట్టే సిద్ధమైన ఫంక్షన్ల మూట, మాత్రం ఏటేటా పెరిగింది. ఎవరు ఏ ఫంక్షన్ అడిగితే దాన్ని అప్పటికప్పుడు చేర్చారు. చేర్చినదాన్ని తీసే ధైర్యం ఎవరూ చేయలేదు. ఆ లైబ్రరీని ఒక పద్ధతికి తెచ్చే పని నాకు అప్పగించారు.

ఖాతాదారుల అనుమతితో వారు ఆ భాషలో రాసుకున్న చిన్న ప్రోగ్రాములన్నీ, అంటే స్క్రిప్టులన్నీ, తెప్పించుకొని, ఏ ఫంక్షన్‌ను ఎవరు పిలుస్తున్నారో లెక్క తీయడంతో పని మొదలుపెట్టాను. వాడుకలో లేనివాటిని తీసేస్తే సగం పని తీరుతుందని మా కార్యాలయంలో అందరూ అనుకున్నారు. వ్యాట్ లెక్కించే ఫంక్షన్లే అందుకు మంచి ఉదాహరణగా కనిపించాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక కొత్త బిల్లుల్లో వాటికి చోటు లేదు. అయితే పాత సంవత్సరాల లెక్కలను ఆడిటరు అడిగినప్పుడల్లా గుమాస్తాలు ఆ పాత నివేదికలను మళ్లీ తీస్తూనే ఉన్నారు. కొత్త కోడ్‌లో ఎవరూ వాడకపోవడం వేరు, తీసేస్తే ఎవరికీ నష్టం లేకపోవడం వేరు.

ఈ దశలో పెద్ద భాషల చరిత్ర చదవడం నాకు చాలా ఉపయోగపడింది. అవసరమైనవన్నీ భాషతోనే వస్తాయని చెప్పుకున్న పైతాన్‌లో కూడా చివరకు కాలం చెల్లిన మాడ్యూళ్ల (లైబ్రరీలోని విభాగాల) జాబితా ఒకటి రాయవలసి వచ్చింది. 2022లో వచ్చిన 3.11 వెర్షన్ నుంచి హెచ్చరికలు ఇస్తూ, 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో 19 మాడ్యూళ్లను తొలగించారు. టెల్నెట్‌లిబ్, సీజీఐ వంటివి అందులో పోయాయి. గో భాషవారు ఇంకో దారి పట్టారు. పాత ప్రోగ్రాములు చెడవని 2012లో గో 1తో పాటు ఇచ్చిన మాటకు కట్టుబడి, ఐఓయుటిల్ అనే ప్యాకేజీని 2021లో 1.16 వెర్షన్‌తో వద్దన్నారే గాని తీసేయలేదు. అందులోని ఫంక్షన్లు నేటికీ పనిచేస్తాయి, లోపల కొత్త చోట ఉన్నవాటిని పిలుస్తాయి. జావాలో డేట్ క్లాసుకు చెందిన కొన్ని ఫంక్షన్ల మీద 1997 నుంచే వాడవద్దనే ముద్ర ఉంది. సంవత్సరాన్ని 1900 నుంచి, నెలలను సున్నా నుంచి లెక్కించే ఆ ఫంక్షన్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. సరైన తేదీల ప్యాకేజీ 2014లో జావా 8తో గాని రాలేదు. వ్యాట్ ఫంక్షన్ల విషయంలో మేము తీసేయడం, వద్దంటూనే ఉంచడం అనే ఈ రెండు దారులకూ నడుమ నిలిచాం: వాటిని లైబ్రరీ నుంచి వేరుచేసి, ప్రోగ్రాముతో పాటే వచ్చే విడి ప్యాకేజీలో పెట్టాం. కావలసినవారు స్క్రిప్టు మొదట్లో ఒక వాక్యం రాసి దాన్ని తెచ్చుకోవాలి.

ఏది లైబ్రరీలో ఉండాలి, ఏది బయట ఉండాలి అనే ప్రశ్నకు నాకు దొరికిన కొలబద్ద ఒకటే. ఒక విషయం లైబ్రరీ విడుదలల కంటే వేగంగా, మన చేతిలో లేని కారణాలతో మారేదైతే, అది లైబ్రరీలో ఉండరాదు. మా లైబ్రరీలో ఆంధ్రప్రదేశ్ జిల్లాల జాబితా ఒక స్థిరాంకంగా ఉండేది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఆ మార్పుతో జిల్లావారీ అమ్మకాల నివేదికలు రాసుకున్నవారంతా మా తరువాతి విడుదల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. పైతాన్‌వారు కాలమండలాల విషయంలో ఈ చిక్కునే చక్కగా విప్పారు: 2020లో 3.9తో వచ్చిన జోన్‌ఇన్ఫో మాడ్యూల్‌లో గణించే కోడ్ మాత్రమే ఉంటుంది, దేశదేశాల సమయాల సమాచారం ఆపరేటింగ్ సిస్టమ్ నుంచో విడి ప్యాకేజీ నుంచో వస్తుంది. మేమూ జిల్లాలను, పన్ను రేట్లను సమాచార ఫైళ్లలోకి తరలించి, వాటిని చదివే ఫంక్షన్లను మాత్రం ఉంచుకున్నాం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు లైబ్రరీని ముట్టుకోవలసిన పని రాలేదు.

కొలతల మాడ్యూల్ దగ్గర ఇదే కొలబద్ద ఇంకా బాగా పనిచేసింది. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. అవి మారవు, కాబట్టి ఉండనిచ్చాను. 'బస్తా' అనే ఫంక్షన్ మాత్రం ఎప్పుడూ 80 ఇచ్చేది. పలాసలో జీడిపిక్కల బస్తాకు 80 కిలోలన్నది సరే. ధాన్యం బస్తా లెక్క ఊరిని బట్టి, కొనేవారిని బట్టి మారుతుంది. అది రాసినవారు జీడి వ్యాపారుల కోసం రాశారు, ధాన్యం మిల్లులు ఆ అంకెను నమ్మి వాడుకున్నాయి. దాన్ని తీసి, బస్తా బరువును ప్రతి ఖాతాదారు తన అమరికల్లో రాసుకునేలా చేశాం.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది పైసలను సవరించే ఫంక్షన్లకు. 'రౌండ్', 'రౌండ్2', 'న్యూరౌండ్' అని మూడు ఉండేవి. ఏది దేనికో పేరును బట్టి తెలియదు, కోడ్ చదవాల్సిందే. సరిగ్గా సగం వచ్చినప్పుడు మొదటిది దగ్గరలోని సరిసంఖ్యకు పోతుంది, అంటే 2.5ను 2 చేస్తుంది. రెండోది పైకి పోతుంది. మూడోది సున్నాకు దూరంగా పోతుంది. ధనసంఖ్యలకు చివరి రెండింటికీ తేడా లేదు గనుక ఎవరూ పట్టించుకోలేదు. రుణసంఖ్య వచ్చేసరికి రెండోది −2.5ను −2 చేస్తుంది, మూడోది −3 చేస్తుంది. సరుకు తిరిగి వచ్చినప్పుడు రాసే క్రెడిట్ నోటు రుణసంఖ్యే. బిల్లును 3గా, దాని క్రెడిట్ నోటును −2గా సవరిస్తే ఖాతాలో ఒక రూపాయి మిగిలిపోతుంది, ఆ రూపాయి కోసం గుమాస్తా సాయంత్రమంతా వెతుకుతాడు. జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం 50 పైసలు, అంతకు మించినది రూపాయి అవుతుంది, తక్కువైతే పోతుంది. కాబట్టి సరిసంఖ్యకు పోయే మొదటి ఫంక్షన్ పన్ను లెక్కకు అసలే పనికిరాదు.

పెద్ద భాషల్లోనూ ఇక్కడ ఏకాభిప్రాయం లేదు. పైతాన్ 2లో 2.5ను రౌండ్ చేస్తే 3 వచ్చేది, పైతాన్ 3లో 2 వస్తుంది. జావాలోని మ్యాథ్ రౌండ్ −2.5ను −2 చేస్తుంది. అదే జావాలో దశాంశ సంఖ్యలకు వాడే హాఫ్ అప్ అనే పద్ధతి, పేరులో పైకి అని ఉన్నా, −3 చేస్తుంది. దీనికి తోడు, కంప్యూటరు ద్విసంఖ్యామానంలో 2.675ను దానికంటే రవ్వంత తక్కువగా దాచుకుంటుంది గనుక, రెండు దశాంశాలకు సవరిస్తే మనం ఎదురుచూసే 2.68 బదులు 2.67 వస్తుంది. అందుచేత డబ్బుకు విడిగా, అంకెలను పదుల లెక్కలోనే దాచుకునే దశాంశ రకాన్ని తెచ్చి, 'రౌండ్‌బై' అనే కొత్త ఫంక్షన్ ఒక్కటే రాశాం. సగం వచ్చినప్పుడు ఎటు పోవాలో రాసేవారు చెప్పి తీరాలి; చెప్పకపోతే స్క్రిప్టు నడవదు. ప్రతిసారీ రాయడం విసుగని కొందరు ఫిర్యాదు చేశారు. డబ్బు దగ్గర ఆ విసుగు ఉండవలసిందేనని నేను ఇప్పటికీ వాదిస్తాను.

ఆర్గ్యుమెంట్ల, అంటే ఫంక్షన్‌కు మనం ఇచ్చే విలువల, వరుస మరో తలనొప్పి. వెతికే ఫంక్షన్‌లో మొదట వాక్యం, తరువాత వెతకవలసిన ముక్క. మార్చే ఫంక్షన్‌లో మొదట ముక్క, చివర వాక్యం. పీహెచ్‌పీలో ఇలాంటి తికమక ఉందని అందరూ నవ్వుతారు, మా దగ్గర అంతకంటే చిన్న లైబ్రరీలో అంతే తికమక ఉంది. అదే పేరుతో వరుసను మార్చడం మాత్రం ఎంతమాత్రం కూడదని నిర్ణయించుకున్నాను. రెండూ అక్షరాలతో కూడిన ముక్కలే కాబట్టి తారుమారైనా భాష తప్పు పట్టదు, నివేదిక ముద్రితమవుతుంది, అందులోని అంకెలు మాత్రం తప్పుగా ఉంటాయి. వరుస మారితే పేరూ మారాలి. పోనీ కొత్త పేరు పెడదామంటే, నేను అనుకున్న పేర్లతో గుమాస్తాలు అప్పటికే సొంత ఫంక్షన్లు రాసుకొని ఉన్నారు. 2018లో జావాస్క్రిప్ట్‌కు ఇదే ఎదురైంది. ఫ్లాటెన్ అనే పేరును మూటూల్స్ అనే పాత లైబ్రరీ ముందే వాడుకొని ఉండడంతో, పాత వెబ్‌సైట్లు చెడిపోకుండా ఫ్లాట్ అనే పేరుతో సరిపెట్టుకున్నారు.

'లెంగ్త్' ఫంక్షన్ గురించి తెలుగు రాసే ప్రతి ప్రోగ్రామరూ ఒకసారి ఆలోచించాలి. 'శ్రీకాకుళం' పొడవు ఎంత? అక్షరాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 30 బైట్లు, గో భాషలోని లెన్ అదే చెబుతుంది. యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చే సంఖ్యలు, అంటే కోడ్ పాయింట్లు 10, పైతాన్ ఆ అంకె ఇస్తుంది. చదివేవారికి శ్రీ, కా, కు, ళం అని నాలుగే. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కు ముందున్న నియమాలతో లెక్కించే ప్రోగ్రాముకు శ్, రీ వేరుపడి ఐదు వస్తాయి. మా 'లెంగ్త్' బైట్లను లెక్కించేది. నివేదికలో ఊరి పేరు గడికి 10 అని వెడల్పు పెడితే 'శ్ర' వరకు వచ్చి, గుడి దీర్ఘానికి చెందిన మూడు బైట్లలో ఒకటి మాత్రమే మిగిలి, దాని స్థానంలో ప్రశ్నార్థకం పడేది. ఆ పాత ఫంక్షన్‌ను పక్కనపెట్టి బైట్లకు, కోడ్ పాయింట్లకు, అక్షరాలకు మూడు వేర్వేరు ఫంక్షన్లు ఇచ్చాం. గడి వెడల్పుకు అక్షరాల సంఖ్య కూడా చాలదు, ఎందుకంటే 'శ్రీ', 'ర' ఒకే వెడల్పు ఉండవు. దానికి ఫాంటును అడిగే ఫంక్షన్ ముద్రణ మాడ్యూల్‌లో వేరుగా ఉంది.

ఇవన్నీ కాగితం మీద తేలాక వాడేవారిని ఒప్పించాలి. ఒక రైసు మిల్లులో లెక్కలు చూసే పెద్దాయన నా జాబితా అంతా ఓపికగా విని, “పేర్లు మీ ఇష్టం బాబూ, ఏటైనా పెట్టుకోండి. పాత సంవత్సరం బిల్లు మళ్లీ తీస్తే పాత అంకే రావాల. అదొక్కటీ చూడండి,” అన్నారు. “అలాగేనండి, అదే చూస్తాను,” అన్నాను. అప్పటిదాకా నేను రాసుకున్న ప్రణాళికలో పాత ఫంక్షన్లకు హెచ్చరిక, తరువాత తొలగింపు మాత్రమే ఉన్నాయి. ఆయన మాట తరువాత ప్రతి స్క్రిప్టు మొదట్లో లైబ్రరీ వెర్షన్ రాసే పద్ధతిని చేర్చాం. వెర్షన్ రాయని స్క్రిప్టును పాతదిగానే భావించి పాత లైబ్రరీతోనే నడుపుతాం. ఏ ఎడిషన్ నియమాలతో నడవాలో ప్రోగ్రామే చెప్పుకునే రస్ట్ భాషను చూసి ఈ ఆలోచన వచ్చింది గాని, అక్కడ ఎడిషన్ మార్చగలిగేది ప్రధానంగా భాష నియమాలనే. స్టాండర్డ్ లైబ్రరీ అన్ని ఎడిషన్లకూ ఒక్కటే, అందుకే అక్కడ వద్దనుకున్న ఫంక్షన్లు ముద్రతో అలాగే ఉండిపోతాయి. మాది చిన్న లైబ్రరీ కాబట్టి రెండింటినీ పక్కపక్కనే మోయగలిగాం.

పాత స్క్రిప్టును చదివి కొత్త పేర్లతో తిరిగి రాసే పనిముట్టు ఒకటి తయారుచేసి, పాత సంవత్సరాల సమాచారంతో రెండు నివేదికలనూ తీసి, అక్షరం అక్షరం పోల్చి చూశాం. తేడాలు నేను ఊహించిన చోట కాక వేరే చోట బయటపడ్డాయి. తేదీని అక్షరాల్లోకి మార్చే ఫంక్షన్ చివర ఒక అనవసరపు ఖాళీ వదిలేది. దాన్ని తీసేస్తే, ఆ ఖాళీ దగ్గర వాక్యాన్ని విరిచే ఒక జనపనార మిల్లు స్క్రిప్టు ఆగిపోయింది. వాడేవారి సంఖ్య పెరిగినకొద్దీ, మనం హామీ ఇవ్వని ప్రవర్తన మీద కూడా ఎవరో ఒకరు ఆధారపడతారనే సూత్రం హైరమ్ రైట్ పేరుతో ప్రసిద్ధం. మా అంత చిన్న సంస్థకూ అది వర్తిస్తుందని నేను అనుకోలేదు. ఖాళీ పాత వెర్షన్‌లో అలాగే ఉంది, కొత్తదానిలో లేదు.

తేలకుండా మిగిలింది పేర్లను వరుసపెట్టే ఫంక్షన్. అది యూనికోడ్ సంఖ్యలను బట్టి వరుస పెడుతుంది. యూనికోడ్‌లో ళ అక్షరం ల తరువాత, వ కంటే ముందు ఉంది. మన వర్ణమాలలో అది హ తరువాత వస్తుంది. దానివల్ల సరఫరాదారుల జాబితాలో కొన్ని పేర్లు చూసేవారికి అస్థానంలో కనిపిస్తాయి. ఆ వరుస మీద ఆధారపడి పాత లెడ్జరు పేజీల సంఖ్యలు వేసుకున్నవారు ఉన్నారు గనుక పాత ఫంక్షన్‌ను కదపలేదు. వర్ణమాల వరుసకు వేరే ఫంక్షన్ రాయడం మొదలుపెట్టాను. అది ముందుగా విడి ప్యాకేజీగానే బయటికి వెళుతుంది, వాడినవారు ఏమంటారో చూశాకే దాన్ని లైబ్రరీలోకి తీసుకుంటాం.