ట్యాగ్ మీద రెండు ధరలు

అమెరికా నుంచి సెలవుల్లో విశాఖపట్నం వచ్చినవాళ్ల సూట్‌కేసుల్లో బట్టలు, తువాళ్లు, వంటింటి సామాన్లు చాలావరకు డిస్కౌంట్ షాపుల్లో కొన్నవే. ఈ మాట పైకి చెప్పుకోవడానికి మావాళ్లు మొహమాటపడతారు. ప్రయాణానికి ముందు రాత్రి కూర్చుని ట్యాగులు పీకేసేవాళ్లు కొందరు. కొన్న ధర గీకేసి, పైనున్న పెద్ద అంకె మాత్రం కనబడేలా ఉంచేవాళ్లు కొందరు. నాకైతే ఇందులో దాచుకోవాల్సిందేమీ కనబడదు. ఒకే జీతంతో అక్కడో ఇల్లు, ఇక్కడో ఇల్లు నెట్టుకొచ్చే మనిషి మంచి వస్తువుని సగం ధరకి కొన్నదంటే గర్వంగానే చెప్పుకోవచ్చు. కాకపోతే ఆ వస్తువు నిజంగా మంచిదా, లేక ట్యాగ్ మీద అంకె మాత్రమే మంచిదా అన్నది తెలిసి ఉండాలి.

నేను పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసి, అదే పని మీద న్యూజెర్సీ వెళ్లాను. ఎడిసన్ చుట్టుపక్కల తెలుగువాళ్లకి కొదవలేదు. అక్టోబర్‌లో దిగినవాళ్లకి ముందున్నవాళ్లు చెప్పే మొదటి మాట కోటు గురించే. ఉక్కపోతలో పుట్టి పెరిగినవాళ్లం, మన బీరువాలో ఉన్న స్వెటర్ ఆ చలికి ఏ మూలకీ చాలదు. మామూలు షాపులో మంచి కోటు రేటు చూస్తే, మనసు వెంటనే రూపాయల్లో లెక్క కట్టేస్తుంది, చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. అందుకే బర్లింగ్టన్‌కి తీసుకెళ్తారు. 1972లో న్యూజెర్సీలోనే బర్లింగ్టన్ అనే ఊళ్లో కోట్ల షాపుగా మొదలైంది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు అన్నిరకాల బట్టలూ దొరుకుతాయి గానీ, చలికాలం ముందు కోట్ల కోసమే అక్కడికి వెళ్లేవాళ్లు ఎక్కువ.

ఆ తర్వాత మార్షల్స్, టీజే మ్యాక్స్, హోమ్‌గూడ్స్ అలవాటవుతాయి. కాలిఫోర్నియా, టెక్సస్ వైపు ఉండేవాళ్లయితే రాస్ పేరు చెబుతారు. మార్షల్స్ మంచిదా, టీజే మ్యాక్స్ మంచిదా అని మా ఆడవాళ్ల మధ్య ఎప్పుడూ వాదనే. నిజానికి రెండింటికీ యజమాని ఒక్కరే, మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్‌లో ఉన్న టీజేఎక్స్ కంపెనీ. మార్షల్స్ 1956 నాటిది, టీజే మ్యాక్స్ 1976లో మొదలైంది, 1995లో ఆ పాత షాపుని కొత్త షాపువాళ్లు కొనేశారు. ఇంటి సామాన్ల హోమ్‌గూడ్స్ కూడా వాళ్లదే, 1992లో పెట్టారు. లండన్‌లో ఉన్న మా చుట్టాలు టీకే మ్యాక్స్ అంటారే, అదీ ఈ కుటుంబమే. నన్నడిగితే మగవాళ్ల చొక్కాలకి, చెప్పులకి మార్షల్స్, గిన్నెలకీ గాజు సీసాలకీ హోమ్‌గూడ్స్.

ఇంత తక్కువకి ఎలా ఇస్తారన్నది మా అమ్మ ఎప్పుడూ అడిగే ప్రశ్న. దొంగ సరుకేమో అని ఆవిడ భయం. దొంగ సరుకేం కాదు. పెద్ద పెద్ద షాపులు బట్టలకి నెలల ముందే ఆర్డర్లు ఇస్తాయి. తీరా చలి ఆలస్యంగా వచ్చినా, ఆ రంగు జనానికి నచ్చకపోయినా, ఇచ్చిన ఆర్డర్లు రద్దు చేసుకుంటాయి. కొన్నిసార్లు ఫ్యాక్టరీ దగ్గరే ఎక్కువ సరుకు మిగిలిపోతుంది. డిస్కౌంట్ షాపుల తరఫున సరుకు కొనేవాళ్లు ఏడాది పొడవునా ఇలాంటి అవకాశాల కోసమే తిరుగుతుంటారు. అవతలివాళ్లకి గోడౌన్ ఖాళీ అయితే చాలు, వీళ్లకి ధర తగ్గితే చాలు. ఇవి కాక ఈ షాపుల కోసమే ప్రత్యేకంగా తయారయ్యే సరుకూ ఉంటుంది. షాపులో హంగులుండవు, సైజుల వరుస పూర్తిగా ఉండదు, వెంట వచ్చి చూపించేవాళ్లుండరు. మన ఆషాఢం సేల్‌లాగా ఫలానా రోజుల్లో తగ్గింపు అన్న మాట లేదు. రోజూ అదే పద్ధతి. ఎన్నాళ్లకీ అమ్ముడుపోనివాటికి టీజే మ్యాక్స్, మార్షల్స్‌లో ఎర్ర చీటీ వేస్తారు, చివరికి పసుపు చీటీ. పసుపు చీటీ పడిందంటే అంతకన్నా తగ్గదు.

ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఇవాళ చూసిన గిన్నె వచ్చే వారం ఉండదు. ఉండదన్న కంగారుతోనే చాలామంది అవసరం లేనివి బండిలో వేసేసుకుంటారు. నేను ఫోన్‌లో కొలతలు రాసి పెట్టుకుంటాను. కిటికీల వెడల్పు, గాజువాకలో అమ్మానాన్నల మంచం కొలత, నాన్నగారి చొక్కా మెడ సైజు, తమ్ముడి కొడుకు పాదం పొడవు. ఆ జాబితాలో ఉన్నదానికే చెయ్యి చాపాలి.

ఇక ట్యాగ్ సంగతి. చిన్న చీటీ మీద రెండు ధరలుంటాయి. పైన 'కంపేర్ ఎట్' అని పెద్ద అంకె, కింద మనం కట్టాల్సింది. పైది ఆ చొక్కా మొన్నటిదాకా అమ్ముడైన ధర అనుకుంటారు మావాళ్లు. అలా అనుకోనక్కర్లేదు. అలాంటి సరుకు మామూలు షాపుల్లో ఎంత ఉండొచ్చో ఈ షాపువాళ్లు వేసుకున్న అంచనా అది. ఆ చొక్కానే ఆ ధరకి ఎక్కడో అమ్మారని అర్థం కాదు. ఈ అంకెల మీద అమెరికాలో కోర్టు కేసులు కూడా నడిచాయి. అందుకే నేను పై అంకెని చూడను. లోపల కుట్టిన లేబుల్ చూస్తాను. నూలెంత, పాలియెస్టర్ ఎంత, ఏ దేశంలో తయారైంది అన్నవి అక్కడ చట్టం ప్రకారం రాయాలి. చాలా లేబుళ్ల మీద ఆర్‌ఎన్ అని ఒక నంబరు కూడా ఉంటుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే దాని వెనకున్న కంపెనీ పేరు వస్తుంది. పైన కొత్త బ్రాండ్ పేరు, వెనక చూస్తే మనకి బాగా తెలిసిన కంపెనీ అవ్వొచ్చు. ల్యాబ్‌లో బ్యాచ్ నంబర్లు చూసే అలవాటు ఇక్కడ కూడా పనికొచ్చింది. న్యూజెర్సీలో ఇంకో వెసులుబాటు ఏమిటంటే మామూలు బట్టల మీద సేల్స్ ట్యాక్స్ లేదు. దుప్పట్లు, తువాళ్లు, గిన్నెల మీద మాత్రం 6.625 శాతం పడుతుంది.

మావాళ్లు ఈ షాపుల చుట్టూ తిరగడాన్ని కక్కుర్తి అనేవాళ్లు హెచ్1బీ ఉద్యోగ వీసా మీద బతుకు ఎలా ఉంటుందో చూడాలి. మూడేళ్లు, పొడిగిస్తే ఇంకో మూడేళ్లు, గ్రీన్‌కార్డ్ వరుసలో ఉంటే ఆపైన ముక్కలు ముక్కలుగా. ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి 60 రోజులు. ఆ టెన్షన్ నెత్తిమీద ఉన్నవాళ్లకి వేల డాలర్ల సోఫా కొనడానికి చెయ్యి రాదు. మడత పెట్టగలిగేవి, ఒకదానిలో ఒకటి పట్టేవి కొంటారు. ఎవరైనా దేశం వదిలి వెళ్లాల్సి వస్తే వాట్సాప్ గ్రూపులో సామాన్ల ఫొటోలు పెడతారు. ఆ ఫొటోల్లో మనం కూడా అదే షాపులో చూసిన లాంతరు, అదే నీలం కుండీ కనబడినప్పుడు కడుపులో తిప్పుతుంది. అయినా ఇంటికి కర్టెన్లు ఉండాలి కదా, పిల్లలకి పక్కలుండాలి కదా. తక్కువ ధరకి దొరికింది కాబట్టే, రేపేమవుతుందో తెలియని చోట కూడా ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఈ షాపుల మీద నాకున్న కృతజ్ఞత అదే.

సంక్రాంతికి గాజువాక వచ్చినప్పుడు మా మేనమామ కూతురు చూడటానికి వచ్చింది. అచ్యుతాపురం దగ్గర బట్టలు కుట్టే యూనిట్‌లో పనిచేస్తుంది. అక్కడ శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ 1000 ఎకరాల్లో అపెరల్ సిటీ పెట్టిన దగ్గర్నుంచి చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు వేలమంది పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్తున్నారు. అక్కడ కుట్టినవి ఎక్కువగా విదేశాలకే పోతాయి. మా మరదలికి అమెరికా బ్రాండ్లు నాకన్నా ఎక్కువ తెలుసు.

నాన్నగారికి తెచ్చిన గళ్ల చొక్కా మంచం మీద ఉంది. ట్యాగ్ తీయలేదు. ''ఎంతెట్టి కొన్నావ్ వదినా?'' అంది గానీ ట్యాగ్ వైపు చూడలేదు. ముందు చొక్కాని తిరగేసింది. పక్క కుట్టు మీద గోరుతో నొక్కి పట్టుకుని, అమ్మ కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీసి అంగుళం మేర కుట్లు లెక్కపెట్టింది. పన్నెండు. ''బాగుంది, చొక్కాకి ఇలాగే ఉండాలి'' అంది. తర్వాత జేబు. గళ్ల చొక్కాకి జేబు అతకడం అన్నిటికన్నా కష్టమట. జేబు మీద గళ్లు, వెనకున్న గుడ్డ గళ్లు ఒకే గీతలో కలవాలి. ఒక నూలుపోగు అటు ఇటు అయినా చెకింగ్‌లో వెనక్కి కొడతారు. వేలితో ఆ గీత వెంట పైనుంచి కిందకి వచ్చి, ''ఈ పాకెట్ కుట్టినమ్మాయి చెయ్యి బాగుంది'' అంది. ఎవరా అమ్మాయి, ఏ ఊళ్లో ఉంది అన్నది మా ఇద్దరికీ తెలియదు. లేబుల్ మీద మేడ్ ఇన్ ఇండియా అని ఉంది, ఊరి పేరు ఉండదు.

మా ఆయన తనకోసం కొనుక్కున్న టీషర్ట్ కూడా పక్కనే ఉంది. దాని ట్యాగ్ మీద పై అంకె చొక్కాదానికన్నా ఎక్కువ. మరదలు దాన్ని రెండు భుజాల దగ్గర పట్టి వేలాడదీసింది. పక్క కుట్టు నిటారుగా దిగకుండా ముందుకి తిరిగి ఉంది. ''ఉతికితే ఇంకా తిరిగిపోద్ది. కటింగ్‌లోనే పోయింది, కుట్టినోళ్ల తప్పు కాదు'' అంది. కుట్టినవాళ్ల తప్పు కాదని ఆగి మరీ చెప్పడం నాకు బాగా గుర్తుండిపోయింది.

చొక్కా లేబుల్ మీద అడ్డంగా నల్ల గీత ఉండటం చూసి అదేంటని అడిగింది. ఈ షాపులకి వచ్చే కొన్నిటికి అలా గీత గీస్తారు, లేదా లేబుల్ చివర కత్తిరిస్తారు. ఇక్కడ తక్కువకి కొని, పెద్ద షాపుకి తీసుకెళ్లి పూర్తి ధరకి వాపసు ఇవ్వకుండా ఉండటానికి. ఆర్డర్ రద్దయిన సరుకు కూడా ఇలాగే వస్తుందని చెప్పాను. మరదలు కాసేపు ఆలోచించింది. ''మా లైన్‌లో ఒక్కోసారి స్టైల్ మధ్యలో ఆపేస్తారు. ఎందుకని మాకు చెప్పరు. రేపు వేరేది పడుద్ది, టార్గెట్ మళ్లీ మొదట్నుంచి. ఆగిపోయినవి ఏటవుతాయో అనుకునేదాన్ని'' అంది. టార్గెట్ అందకపోతే ఎలా ఉంటుందో, బాత్రూమ్‌కి వెళ్లడానికి కూడా ఎలా లెక్క చూసుకుంటారో ఆ తర్వాత చాలాసేపు చెప్పింది. నాకు సగం ధరకి వచ్చిన చొక్కాలో తగ్గిన ఆ సగం చివరికి కుట్టేవాళ్ల మీదే పడుతుందా అని అడిగాను. తనకి జీతం నెలకింత, చొక్కా ఎంతకి అమ్ముడైనా అదే జీతం అంది. ఈ షాపుల గురించి ఇంత తెలుసుకున్న నేను, దీని జవాబు కూడా తెలుసుకోవాల్సిందే.

ఇక్కడికి ఏం తేవాలన్నది ఇప్పుడు మారిపోయింది. బట్టలు చాలా తగ్గించేశాను. విశాఖలోనే జూడియో, మ్యాక్స్ ఫ్యాషన్ లాంటి చవక బట్టల షాపులు వచ్చాక పిల్లలకి అమెరికా టీషర్ట్ అంటే పెద్ద సంబరం లేదు. మందపు తువాళ్లు అసలు తేకండి. సముద్రపు గాలి తేమకి అవి సాయంత్రానికి కూడా ఆరవు, వాసన పడతాయి. పైగా చాలావాటి మీద మేడ్ ఇన్ ఇండియా అనే ఉంటుంది. టేబుల్ లాంప్‌లు, మిక్సర్లు వద్దు, అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఎలాస్టిక్ దుప్పట్లు తెచ్చేటప్పుడు కొలత చూసుకోండి. అక్కడి క్వీన్ సైజు వెడల్పు 60 అంగుళాలు, ఆరడుగుల వెడల్పున్న మన మంచానికి చాలదు. తేవాల్సినవంటే ఇనుప పెనం, గట్టి పీలర్లు, నడకకి నాన్నగారికి మెత్తటి బూట్లు. ఒక్కో సూట్‌కేసుకి 23 కిలోలు, అందులో పెనమే ఎంత తింటుందో లెక్క వేసుకోవాలి.

తిరుగు ప్రయాణంలో సూట్‌కేసులు ఖాళీగా ఏం వెళ్లవు. అమెరికాలో ఏ డిస్కౌంట్ షాపులోనూ దొరకనివి నూలు నైటీలు, లోపలి లంగాలు. పూర్ణా మార్కెట్‌కి మరదలిని కూడా తీసుకెళ్లాను. షాపతను ఒకే ధర అన్నాడు. తను నైటీలన్నీ ఒక్కొక్కటే తిరగేసి, చంక దగ్గర కుట్టు లాగి చూసి, కొన్నిటిని పక్కన పెట్టి, వీటికి ఇంకా తగ్గించాల్సిందే అంది. అతను వాటిని తీసుకుని, ఆ కుట్టుని తనూ ఒకసారి చూసి, లోపల్నుంచి వేరేవి తెచ్చి ఇచ్చాడు.