రెండు కాగితాలు, ఒక ట్యూబ్‌లైటు

మన బ్యాచ్ కలయిక సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి "రెండు పేజీలు రాయండి, ఏదైనా సరే" అన్నారు. ఏదైనా సరే అంటే నాకు వెంటనే కళ్లముందుకు వచ్చేది కంప్యూటర్ ల్యాబ్‌లో మనకు ప్రోగ్రామింగ్ నేర్పిన మేడమ్ బల్ల, దాని పైన ట్యూబ్‌లైటు. వీడ్కోలు సభ గురించి, నాటకం గురించి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. పదకొండో మెషీన్ సంగతి మాత్రం నేను రాయను, మాటిచ్చాను. రెండో సంవత్సరం ఎలా గడిచిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

మొదటి సంవత్సరం సీ భాషలో ప్రోగ్రాములు రాసిన ల్యాబ్ మాత్రం నిన్నటిలా ఉంది. మొత్తం ముప్పై ఎక్సర్‌సైజులు. అవుట్‌పుట్ వస్తే ప్రోగ్రామ్ అయిపోయినట్టే అని మన లెక్క. మేడమ్ అవుట్‌పుట్ తర్వాత చూసేవారు. ముందు ప్రింటవుట్ ఎడమ అంచు చూసేవారు. ఇండెంట్, అంటే లోపలి లైనును ఎడమ అంచు నుంచి జరపడం, నాలుగు స్పేసులు. ఫ్లవర్ బ్రాకెట్ షరతు చెప్పే 'ఇఫ్' ఉన్న లైన్లోనే తెరవాలి, మూసేది కింద విడిగా ఉండాలి. లోపల ఒక్క లైనే ఉన్నా బ్రాకెట్లు పెట్టాల్సిందే. లైను 80 అక్షరాలు దాటకూడదు. ఇండెంట్‌కి ట్యాబ్ కీ కొట్టాలా స్పేసులు కొట్టాలా అని ట్యాబ్ పార్టీ, స్పేస్ పార్టీ గొడవ ఎంత దూరం వెళ్లిందో మీ అందరికీ గుర్తే. మేడమ్ ఎవరి పక్షమూ తీసుకోలేదు. "ట్యాబ్ తప్పని నేననలేదు. ఈ ముప్పైకీ నాలుగు స్పేసులు అనుకున్నాం, అనుకున్నది ముప్పైలోనూ ఉండాలి" అన్నారంతే. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నెల్ రాసేవాళ్లు ఎనిమిది వెడల్పు ట్యాబులు వాడతారని, 2001లో వచ్చిన పైథాన్ భాష స్టైల్ గైడ్ పెప్ 8 నాలుగు స్పేసులు వాడమంటుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. రెండూ బాగానే నడుస్తున్నాయి.

ఒక రోజు నేను తొమ్మిదో, పదో ఎక్సర్‌సైజులు కలిపి తీసుకెళ్లాను. తొమ్మిదోది ఒక సంఖ్యలోని అంకెల మొత్తం, పదోది సంఖ్యను తిరగేయడం. రెండూ కరెక్టుగా రన్ అయ్యాయి. మేడమ్ రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి ట్యూబ్‌లైటు కింద పైకెత్తి పట్టుకున్నారు. "ఏం కనిపిస్తోంది?" అన్నారు. అక్షరాల మీద అక్షరాలు పడి అంతా అలికేసినట్టు ఉంది. తొమ్మిదిలో బ్రాకెట్ కింది లైన్లో తెరిచాను, పదిలో అదే లైన్లో. ఒకదానిలో ట్యాబ్, ఇంకోదానిలో రెండు స్పేసులు. ఒకచోట 'డి' అన్న వేరియబుల్ ఇంకోచోట 'డిజిట్' అయింది.

అప్పుడు సొరుగులోంచి తన రెండు కాగితాలు తీసి అలాగే పట్టుకున్నారు. మెయిన్ మీద మెయిన్, వైల్ మీద వైల్, మూసే బ్రాకెట్ మీద మూసే బ్రాకెట్ కూర్చున్నాయి. మొత్తానికి 'సమ్', తిరగేసినదానికి 'రెవ్' అని పేర్లు పెట్టారు, ఇంగ్లీషులో రెండూ మూడక్షరాలే. పేర్లు మారిన చోట కాస్త మసక. ఒక్క లైనులో మాత్రం '10తో గుణించు' అన్న ముక్క బయటికి పొడుచుకొచ్చింది. "ఈ రోజు నువ్వు నేర్చుకున్నది ఆ ముక్క. నీ కాగితాల్లో అది దొరకదు" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో.

మొదటి నుంచి పదీ మళ్లీ రాశాను, రెండు సాయంత్రాలు పట్టింది. మూడు సంఖ్యల్లో పెద్దది కనుక్కునే ప్రోగ్రామ్‌లో నా 'ఎల్స్' (షరతు కుదరకపోతే నడిచే భాగం) నేననుకున్న 'ఇఫ్'కి కాకుండా దానికి దగ్గరి 'ఇఫ్'కి అతుక్కుందని ఇండెంట్ సరిచేస్తుంటేనే తెలిసింది. అప్పటిదాకా నేనిచ్చిన సంఖ్యలకు జవాబు సరిగానే వచ్చింది మరి.

2014లో ఆపిల్ భద్రతా కోడ్‌లో 'గోటూ ఫెయిల్' తప్పు బయటపడినప్పుడు మీలో ఎంతమందికి మేడమ్ గుర్తొచ్చారో! 'ఇఫ్' కింద బ్రాకెట్లు లేవు, తప్పు దొరికితే నేరుగా చివరికి దూకమనే 'గోటూ ఫెయిల్' లైను రెండుసార్లు పడింది. రెండోది కూడా 'ఇఫ్' లోపల ఉన్నట్టే జరిపి రాసి ఉంది, కానీ అది ఎప్పుడూ నడిచే లైను. దాంతో సంతకం సరిచూసే భాగం దాకా కోడ్ వెళ్లనే లేదు.

ఇప్పుడు నా పని కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు ఎక్సర్‌సైజులు తయారుచేసే టీమ్‌ని చూసుకోవడం. సీ, పైథాన్, గో కలిపి రెండు వందల పైచిలుకు ఉన్నాయి. నా చేతికి వచ్చేసరికి ఒక్కొక్కటీ ఒక్కొక్కరి చేతిరాతలా ఉంది. ఒక విద్యార్థి అడిగాడు: "ఐదులో సింగిల్ కోట్, ఆరులో డబుల్ కోట్ ఉన్నాయి, తేడా ఏమిటి?" పైథాన్‌లో ఏ తేడా లేదు. కానీ అతను సీ నేర్చుకుని వచ్చాడు, సీలో అవి రెండూ వేరు. లేని అర్థం కోసం అరగంట వెతికాడు. ఆ అరగంట మా తప్పు.

నేను చేసిన మొదటి పని ఫార్మాటింగే. కోడ్‌ని తమంతట తామే సర్దే టూల్స్ పెట్టాం: పైథాన్‌కి బ్లాక్, సీకి క్లాంగ్ ఫార్మాట్, గోకి ఆ భాషతోపాటే వచ్చే గోఫమ్ట్. మొదలుపెట్టే కోడ్‌కీ జవాబు కోడ్‌కీ ఒకే సెట్టింగు. ఒకటి సర్ది ఇంకోటి వదిలేస్తే విద్యార్థి పోల్చిచూసినప్పుడు తను మార్చని లైన్లు కూడా మారినట్టు కనిపిస్తాయి. ఫార్మాటింగ్ మార్పులన్నీ విడి కమిట్‌లో (ఒకేసారి భద్రపరిచే మార్పుల కట్టలో) పెట్టాం, వేరే మార్పులతో కలపలేదు.

ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టాను: మొదటి పది ఎక్సర్‌సైజులూ విద్యార్థి చేత్తోనే సర్దుకోవాలి. టీమ్‌లో కొందరికి నచ్చలేదు. కానీ పైథాన్‌లో ఇండెంటే అర్థం. 'ప్రింట్' లూప్ లోపల ఉండాలో బయట ఉండాలో ఏ టూలుకీ తెలియదు, రాసినవాళ్లకే తెలియాలి. ఎడమ అంచు చూసే అలవాటు చేత్తో సర్దితేనే వస్తుంది.

మొన్న కొత్త బ్యాచ్‌కి తొమ్మిది, పది పక్కపక్కన తెర మీద పెట్టాను. అవే రెండు, ఇప్పుడు పైథాన్‌లో. పేర్లు మారిన చోట్లు పోగా ఒకే ఒక్క లైను రంగు మారింది. వెనక కూర్చున్న అమ్మాయి "ఓ, ఇంతేనా తేడా!" అంది.

మేడమ్ ఆ రెండు కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే కలయిక రోజు తప్పకుండా తీసుకురండి. చివరి రోజు ఆ సొరుగు సర్దింది మూడో బెంచి వాళ్లే, నాకు బాగా గుర్తుంది.