తేగల పాతర

నా కుడికాలి చెప్పు ఊడి వెనక ఎక్కడో పడిపోయింది. ఆ సంగతి నాకు తెలియలేదు. స్కూలు గేటు నుంచి స్టాఫ్ రూమ్ దాకా ఒంటి చెప్పుతోనే నడిచాను. ఆరో తరగతి పిల్ల ఒకతి ఆ చెప్పు పట్టుకుని పరుగెత్తుకొచ్చి "మీదేనా టీచర్?" అంది. అది 2024 ఆగస్టు మూడో వారం. అంతకు పది రోజుల ముందు ఇంట్లో అందరికీ విరేచనాలు పట్టుకుని తగ్గాయి. దానికీ దీనికీ లంకె ఉంటుందని ఎవరనుకుంటారు?

మర్నాడు సుద్దముక్క చేతిలో నిలవలేదు. ఆ సాయంత్రం చూపించుకున్న డాక్టరు నీరసం అని బి12 ఇంజెక్షన్లు రాశారు. రెండు రోజులు అలా పోయాయి. మూడో రోజు బాత్‌రూమ్‌లో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. మావారు తలుపు గడియ విరగ్గొట్టి ఎత్తుకొచ్చారు.

కాకినాడ ఆసుపత్రిలో నరాల డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు ఎగరలేదు. వెన్నులోంచి నీరు తీశారు. నరాల్లోకి కరెంటు పంపి ఎంత వేగంగా వెళ్తోందో చూశారు. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు, పొట్టిగా జీబీఎస్. విరేచనాల క్రిమి మీదికి యుద్ధానికి వెళ్ళిన నా ఒంట్లోని సైన్యం, క్రిమి పోయాక కూడా ఆగకుండా నా నరాల మీదే పడిందట.

ఐసీయూలో నాలుగు గంటలకోసారి డ్యూటీ డాక్టరు వచ్చేవాడు. "ఊపిరి నిండా పీల్చుకుని, మళ్ళీ పీల్చకుండా ఒకటి నుంచి లెక్కపెట్టండి మేడం." ఇరవయ్యేళ్ళుగా లెక్కలు చెబుతున్నదాన్ని, నాకు ఒకట్లు వచ్చో రావో పరీక్ష! మొదట 34. రాత్రికి 27. తెల్లారేసరికి 21. ఇరవై లోపుకి వస్తే వెంటిలేటర్ సిద్ధంగా ఉంచాలని తెర వెనక వాళ్ళు అనుకోవడం విన్నాను. మధ్యాహ్నం 18. ఇక అక్కణ్ణుంచి నాకు అదే పని. డాక్టరు రాకముందే నాలో నేను లెక్కపెట్టుకోవడం, తక్కువైతే గుండె దడ, ఆ దడకి ఇంకా తక్కువ. నర్సమ్మ కనిపెట్టి కోప్పడింది. "పరీక్ష మేం పెడితే రాయండి. మీ అంతట మీరు రాయకండి" అంది.

మందు పేరు ఐవీఐజీ. కిలో బరువుకి 0.4 గ్రాముల చొప్పున అయిదు రోజులు. నేను 60 కిలోలు, అంటే రోజుకు 24 గ్రాములు. నా గాజులూ, నల్లపూసలూ బ్యాంకుకు వెళ్ళాయి. వేలమంది దానం చేసిన ప్లాస్మాలోంచి తీస్తారట ఆ మందు. సీసాలోంచి చుక్క చుక్కగా దిగుతుంటే, వాళ్ళెవరో, ఏ ఊళ్ళవాళ్ళో అనుకుంటూ పడుకునేదాన్ని. లెక్క 18 దగ్గర రెండు రోజులు ఆగింది. తర్వాత 19. వినాయక నిమజ్జనం డప్పులు కిటికీలోంచి వినబడ్డ రాత్రి 26.

చేతులు కాస్త స్వాధీనంలోకి వచ్చాయి. మోకాళ్ళ కింద మాత్రం ఏమీ లేదు. అరికాల్లో గుండుసూదితో గుచ్చి "తెలుస్తోందా?" అంటే, "చీమ కుట్టినట్టయినా లేదండీ" అన్నాను. ఎప్పుడు నడుస్తానని అడిగాను. "చెప్పలేనమ్మా. నరం పైపొర ఒక్కటే దెబ్బతిన్నచోట వారాల్లో రావచ్చు. లోపలి తీగే తెగినచోట అది రోజుకి ఓ మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలి. మీకు రెండూ ఉన్నట్టున్నాయి." ఇంటికొచ్చి మొదట చేసిన పని టేపు తెప్పించుకోవడం. మోకాలి నుంచి చీలమండకు 38 సెంటీమీటర్లు. 380 రోజులు. క్యాలెండర్ వెనక రాసుకున్నాను. ఆ రాత్రి నిద్ర లేదు.

పెద్దాపురం దగ్గర మెట్టలో మా అత్తగారి ఊరు. అక్కడికి తీసుకెళ్ళారు. ఇంటి వెనక తాటిచెట్లు. పళ్ళు రాలే రోజులు. రొట్టెకీ గారెలకీ గుజ్జు పిండుకోగా మిగిలిన టెంకల్ని అత్తయ్య పెరట్లో ఇసక పోసి, పక్కపక్కనే పేర్చి, పైన మట్టి కప్పింది. నన్ను మంచం మీద వేసి ఆ పాతర కనబడేచోటే ఉంచారు. టెంకలోంచి మొలక పైకి రాదు. ముందు కిందికి దిగుతుంది. ఎంతో లోతుకి దిగాక, ఆ అడుగున తేగ ఊరుతుంది. పైన చూస్తే నెలల తరబడి ఉత్త మట్టి. మావాడికి పదేళ్ళు, ఆగలేక అక్టోబర్లో ఒక టెంక లాగేశాడు. తెల్లటి తోక ఒకటి పుటుక్కున తెగి చేతికొచ్చింది. "ఒరేయ్, దిగేటప్పుడు కెలక్కూడదురా! అదింకేం ఊరుతుంది?" అని అత్తయ్య వాడి వీపు మీద ఒక్కటేసింది. ఆ దెబ్బ నాకూ తగిలింది. అప్పటికి నేను గంటకోసారి బొటనవేలు కదులుతుందేమోనని దుప్పటి ఎత్తి చూసుకుంటున్నాను.

వారానికి మూడు రోజులు ఫిజియో అబ్బాయి వచ్చేవాడు. "కదలకపోయినా పర్లేదు మేడం. కదుపుతున్నట్టు అనుకుంటూ దాన్నే చూడండి, పదిసార్లు. ఆ తర్వాత మర్చిపోండి." ఆ మర్చిపోవడమే కష్టం. మా స్కూలు తెలుగు మేడం ఆనాపాన ధ్యానం చేస్తుంది, ఊపిరి వచ్చిపోవడాన్ని గమనిస్తూ కూర్చోమంది. మొదటి రోజు రెండు నిమిషాల్లో చెమటలు పట్టాయి. ఊపిరి అనగానే నాకు 18 గుర్తొచ్చింది. మానేశాను. కళ్ళు తెరిచి చేయొచ్చని ఆమే చెప్పాక మళ్ళీ మొదలుపెట్టాను. చెట్టు మీద గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతుండేవి. మగపిట్ట సగం అల్లేది, ఆడపిట్ట వచ్చి చూసి నచ్చక పోయేది, మగది పక్క మట్టకి ఇంకోటి మొదలుపెట్టేది. ఎండిన తాటాకులు గాలికి గలగలమనేవి. వాటి వైపు చూస్తూ ఊపిరి పీల్చి వదిలేదాన్ని. లెక్క పెట్టకుండా ఉండడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది, లెక్కల టీచర్ని కదా. దీనివల్ల నరాలు పెరిగాయని మాత్రం అనను. ఆ పని మందూ, వ్యాయామమూ, రోజులూ చేశాయి. నాకు నిద్ర పట్టడం మొదలైంది, అంతే. దుప్పటి ఎత్తడం రోజుకి రెండుసార్లకి తగ్గింది. క్యాలెండర్ ఏమైందో గుర్తులేదు.

దీపావళికి వాకర్ పట్టుకుని నిలబడ్డాను. డిసెంబర్లో గుమ్మం దాకా. ఎడమ పాదం ఇప్పటికీ కొంచెం వేలాడుతుంది, ప్లాస్టిక్ పట్టీ వేసుకునే స్కూలుకి వెళ్తున్నాను. 2025 జనవరి చివర్లో పుణెలో జీబీఎస్ కేసులని టీవీల్లో హోరెత్తినప్పుడు, నేను అయిదు నెలలుగా ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయిన పేరు ఊరందరి నోటా ఒక్క రోజులో పడింది. "నీదేనటగా అమ్మాయ్!" అని పలకరింపులు.

అంతకు వారం ముందు, కనుమ మర్నాడు, అత్తయ్య పాతర తవ్వింది. నేను కర్ర ఊతంతో వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను, పట్టీ తీసేసి, పాదాలు ఇసకలో పెట్టుకుని. గడ్డపార వేసి పెళ్ళగిస్తుంటే జానెడు పొడవు తేగలు గుత్తులుగా వచ్చాయి. మావాడు టెంకలు పగలగొట్టి బుర్రగుంజు తింటున్నాడు. ఎడమ బొటనవేలి పక్కన చురుక్కుమంది. వంగి చూశాను. ఎర్రచీమ.

"అత్తయ్యా!" అని అరిచాను. గడ్డపార పారేసి పరుగెత్తుకొచ్చింది. "ఏమైందే, పడ్డావా?"

"చీమ కుట్టిందండీ."

ఆవిడ కాసేపు నా మొహం వంకే చూసింది. తర్వాత కొంగుతో వేలి మీది ఇసక తుడిచి, "సున్నం రాయనా?" అంది.

"వద్దండీ. కాసేపు ఉండనివ్వండి."