లిల్లీ ఆఫ్ ద వేలీ అనుకుని 40 రోజులు తుంగ గడ్డికి నీళ్ళు పోశాను (నా అనుభవం)

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, మా ఇంట్లో ఎలాగూ అందరూ నవ్వడం అయిపోయింది.

మాది నరసన్నపేట దగ్గర. పెరట్లో మా మావగారు వేసిన పనస చెట్టుంది, దాని కింద ఏదీ బతకదు. గరిక పరిచాను, పసుపెక్కి పోయింది. బంతి వేశాను, ఈనెల్లాగా సాగి పడిపోయింది. వానొస్తే చాలు బురద చిమ్మి వెనక గోడ నడుం ఎత్తు దాకా ఎర్రగా అయిపోతుంది, ఏటా సున్నం నేనే వేయించాలి. పోయిన మే నెలలో మా అమ్మాయి టొరంటో నుంచి వీడియో కాల్ చేసి వాళ్ళ అద్దె ఇంటి వెనకాల చూపించింది, పెద్ద చెట్టు కింద నేలే కనపడకుండా పచ్చటి ఆకులు, మధ్యలో చిన్న చిన్న తెల్ల గంటలు వేలాడుతున్నాయి. "వాసన చంపేస్తోందమ్మా" అంది. ఇదేటి అంటే లిల్లీ ఆఫ్ ద వేలీ అంది. ఓనరు దాన్ని పీకలేక చస్తున్నాడట, వేళ్ళతో పక్కింట్లోకి కూడా పాకిపోతుందట, అక్కడ అది కలుపు కిందే లెక్క. ఆ మాట నేను వినిపించుకోలేదు. నీడ, నేల కప్పడం, వాసన, ఈ మూడూ విన్నాను, ఆర్డర్ పెట్టీసాను.

వంద గింజలు 249 రూపాయలు. ఫొటోలో నీలం, గులాబీ, ఊదా, పసుపు అన్ని రంగుల గంటలూ ఉన్నాయి. ఇప్పుడు చెప్తున్నాను వినండి, ఆ పువ్వు తెలుపే. లేత గులాబీ రకం ఒకటుంది అంతే. నీలం గంటలు చూపించేవాడు మిమ్మల్ని ముంచేవాడే, ఇంకేం చదవకండి, వెనక్కి వచ్చీయండి. ఇంకోటి, ఆ మొక్కని గింజలేసి పెంచేవాళ్ళు తక్కువ, గింజ నుంచి పువ్వుకి ఏళ్ళు పడుతుంది, మొలక ఉన్న వేరు ముక్కలే నాటుతారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ట్రేల్లో మా పెరటి మట్టే పోశాను, గింజలు వేశాను. పన్నెండో రోజుకి మొలకలు! నా ఆనందం చూడాలి. మా వీధిలో గులాబీకి అంటు కట్టేది నేనొక్కదాన్నే, చెయ్యి మంచిదని పేరు, కాబట్టి నాకేమీ అనుమానం రాలేదు. ఆకులు సన్నగా ఉన్నాయేంటి అని మా ఆయన అడిగితే లేతవి అలాగే ఉంటాయన్నాను. వాట్సాప్ లో ఫొటోలు పెట్టాను, చుట్టాల గ్రూపులో మా ఆడపడుచు "వదినా నాకు రెండు మొక్కలు" అంది, ఇస్తానన్నాను. పనస నీడ అంచున పొద్దుటి ఎండ తగిలే చోట 36 మొక్కలు వరసగా నాటి పేడనీళ్ళు కూడా పోశాను.

మా పెరటి పనికి ఒక పెద్దావిడ వస్తుంది. ఆవిడ చూసి "ఏటమ్మా, తుంగకి పాదులు కట్టీసినారు" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇది విదేశీ మొక్క, నీకేం తెలుసు అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు, బకెట్ తీసుకుని అవతలకి వెళ్ళిపోయింది. కానీ ఆ మాట నా బుర్రలో పురుగులా తిరుగుతూనే ఉంది. సరే, చదువుకున్నవాళ్ళ చేత చెప్పించి ఈవిడ నోరు మూయించాలని ఆగస్టులో ఒక మొక్కని మట్టితో సహా కుండీలోకి ఎత్తి బకెట్లో పెట్టుకుని ఆటో ఎక్కి వ్యవసాయం ఆఫీసుకి వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను.

గంటన్నర బెంచీ మీద కూర్చోబెట్టారు. అటెండరు వచ్చి బకెట్లోకి తొంగిచూసి వెళ్ళాడు, అప్పుడే చెప్పొచ్చు కదా, చెప్పలేదు. నా ముందు ఇద్దరు రైతులు వరి ఆకులు పట్టుకుని ఉన్నారు, ఆకుముడత అట, పాపం ఆడకూతురు ముందెళ్ళమని నాకు దారిచ్చారు, ఇవ్వకపోయినా బాగుండేది. లోపల చిన్న కుర్రాడు, మా అమ్మాయి కంటే చిన్నవాడే ఉంటాడు. నేను ఇంగ్లీషు పేరు చెప్పాను, కాన్వలేరియా మజాలిస్ అని శాస్త్రీయ నామం కూడా బట్టీ పట్టి వెళ్ళాను, అదీ చెప్పాను. ఫోన్లో టొరంటో ఫొటో చూపించి, ఆకులు వెడల్పు కావడానికి ఏ ఎరువు వెయ్యాలండీ అని అడిగాను.

అతను ఫోన్ చూడలేదు. కాడని రెండు వేళ్ళ మధ్య పెట్టి ఒక్కసారి దొర్లించాడు. "కాడకి మూడు పలకలు" అన్నాడు. తర్వాత నన్ను అడక్కుండానే మొక్కని సర్రున పీకాడు. కింద నల్లటి గడ్డ, దాని పక్కనే తెల్లటి వేరు చివర ఇంకో గడ్డ. గుమ్మంలో నిలబడ్డ రైతుకి అందించి "ఏంటిది?" అన్నాడు. "తుంగ కదండీ" అన్నాడాయన. అంతే, గదిలో ఎవరికీ నవ్వు ఆగలేదు. ఫైళ్ళు రాసుకునే ఆవిడ కూడా కళ్ళజోడు తీసి మరీ చూసింది. ఆ కుర్రాడు మాత్రం నవ్వకుండా, నవ్వితేనే బాగుండేది, "నీడలో తుంగ సరిగా పెరగదు మేడం, మీరు చాలా బాగా పెంచారు" అన్నాడు. మెచ్చుకున్నాడో ఎగతాళి చేశాడో ఈ రోజుకీ నాకు తెలీదు. చీటీ మీద గడ్డి మందు పేరు రాసిచ్చాడు. బయటకొచ్చి ఆ బకెట్ అక్కడే గోడవారన వంపేద్దామనుకుంటే అటెండరు పరిగెత్తుకొచ్చి "ఇక్కడొద్దమ్మా, మొలిచీస్తాది" అన్నాడు. తుంగని బకెట్లో ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

మన మట్టిలో గడ్డలున్నాయి, నేను తడి పెట్టాను, అవి లేచాయి. ప్యాకెట్లో గింజలు ఏమయ్యాయో ఆ అమ్మినవాడికే తెలియాలి. వాడికి ఫోన్ చేస్తే రిటర్న్ గడువు 7 రోజులేనండీ అన్నాడు. ప్యాకెట్ మీదేమో మొలవడానికి 20 రోజులు అని ఉంది. ఈ లెక్క వేసినవాడి తెలివికి దండం పెట్టాలి.

గడ్డి మందు నేను కొట్టలేదు, పక్కనే కరివేపాకు ఉంది. సిగ్గు చంపుకుని పెద్దావిడకే కబురు పెట్టాను. వచ్చింది. నేను చెప్పానా అని ఒక్క మాట అనలేదు, అనుంటే నాకు తేలికయ్యేది. గునపం పుచ్చుకుని కూర్చుని రెండు పూటలు తవ్వింది, ఒక గడ్డకి ఇంకోటి గొలుసులా కట్టుకుని ఉన్నాయి, ఒక్క ముక్క వదిలినా మళ్ళీ వస్తుందంటూ వేళ్ళతో వెతికి వెతికి తీసింది. ఆ గడ్డలు పారెయ్యలేదు, కడిగి ఎండబెట్టి పట్టుకెళ్ళింది. వారం తర్వాత గుప్పెడు నా చేతిలో పోసి "సున్నిపిండిలో కలుపుకోండమ్మా" అంది. తుంగముస్తలు! శెట్టి కొట్లో డబ్బులిచ్చి కొనేది అదేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. నలిపితే మంచి వాసన. అమ్మాయికి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. "నేల కప్పింది, వాసనొచ్చింది, ఇంకేం కావాలమ్మా నీకు?"

అక్కడితో ఆపాలి కదా. ఆపలేదు, పంతం. నవంబర్లో హిమాచల్ లో పూలమొక్కలు పెంచే ఒకాయన దగ్గర నుంచి అసలు వేరు ముక్కలు ఐదు తెప్పించాను, 1,100 రూపాయలు అయ్యాయి, పెన్సిల్ ముక్కకి మీసాలు వచ్చినట్టున్నాయి. ఆయన ముందే చెప్పాడు, మీ ఊళ్ళో నేల మీద ఇది బతకదమ్మా అని. దానికి చలికాలం నిద్ర కావాలి, 1 నుంచి 4 డిగ్రీల మధ్య ఓ పది పన్నెండు వారాలు ఉండాలి, అప్పుడే పువ్వు లేస్తుంది. మనకి ధనుర్మాసం తెల్లవారుజామున కూడా 15, 16 దగ్గర ఆగిపోతుంది. అందుకని తడి కొబ్బరిపొట్టులో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్ లో పెట్టాను. ఇక్కడ జాగ్రత్త, ఈ మొక్క ఆకు, పువ్వు, వేరు, కాయ అన్నీ విషమే, గుండె మీద పని చేస్తుంది, పువ్వులు పెట్టిన గ్లాసులో నీళ్ళు కూడా తాగకూడదు. మా అత్తగారు ఫ్రిజ్ లో ఏది కనపడితే అది పులుసులో వేసే మనిషి. డబ్బాకి టేపు చుట్టి ఎర్ర స్కెచ్ పెన్నుతో "విషం, ముట్టుకోవద్దు" అని రాశాను. దానికి ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నన్ను ఉద్దేశించే రాశావా అని. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే అసలు వద్దు.

జనవరి ఆఖర్న తీసి కుండీలో పెట్టి ఉత్తరం వైపు వరండాలో ఉంచాను. రెండు కుళ్ళిపోయాయి. మూడు ఆకు విప్పాయి. వాటిలో ఒకదానికి కాడ వచ్చింది, శివరాత్రి ముందు ఏడు గంటలు విచ్చాయి. ఏడంటే ఏడు, చింతగింజ కంటే చిన్నవి. వాసన మాత్రం, ఎలా చెప్పాలి, మల్లెలా మత్తుగా ఉండదు, నిమ్మపూత దగ్గర తెల్లారగట్ల నిలబడితే వస్తుంది చూడండి, దానికి దగ్గర. ఈ పువ్వు నుంచి అత్తరు తియ్యడం కుదరదట, సెంటు సీసాల్లో దీని పేరుతో ఉండే వాసన దాదాపు అంతా వేరే రసాయనాలతో చేసిందే. ఆరు రోజులున్నాయి. ఇప్పుడు ఆకుల అంచులు ఎండిపోతున్నాయి, పగలు 32 దాటేసింది, ఏప్రిల్ చూస్తాయని నాకు నమ్మకం లేదు.

పువ్వున్నప్పుడు పెద్దావిడని పిలిచి చూపించాను. వంగి వాసన చూసింది, మళ్ళీ చూసింది. "బాగుంది గానీ అమ్మా, తల్లో పెట్టుకోడానికి సాలదు" అంది. పనస కింద ఏం వెయ్యాలి మరి అంటే వాళ్ళింటి దగ్గర భూచంపకం ఉందట, ఎండాకాలం ఆకు లేకుండానే నేలలోంచి పువ్వు పొడుచుకొస్తుంది, వానలకి ఆకు కమ్మేస్తుంది, నీడంటే దానికి ఇష్టం అంది. నిన్న నాలుగు దుంపలు తెచ్చిచ్చింది. నాటబోయే ముందు మట్టిని నేనే జల్లించాను. మూడు తుంగ గడ్డలు దొరికాయి.